ధార్వాడ్‌కి మంచిరోజు

వైశాఖ బహుళ తదియ, గురువారం

ధార్వాడ్ అట. వారం నుంచి ఇంట్లో ఇదే జపం. కర్ణాటకలో ఉందట, చిన్న ఊరట, వీధికో కాలేజీ అట, వేసవిలో కూడా సాయంత్రానికి చల్లబడుతుందట. మా వేదవతి అక్కడికి వెళ్తుందట. ఒక్కతే. ఐదు రోజులు.

యాభై రెండేళ్ళ మనిషి. మెట్లెక్కితే మోకాళ్ళు కిర్రుమంటాయి. సర్కారు బడిలో ఒకటో తరగతికి అఆలు దిద్దించే ఆవిడకి కాలేజీల ఊళ్ళో ఏం పని అని అడిగాను.

"పనేటీ లేదండీ. పనేటీ లేకుండా ఓ ఊరెళ్ళాలని ఉంది" అంది.

వాళ్ళ బడిలో లక్ష్మీప్రియ అనే టీచరు ఉంది. కూతుర్ని అక్కడ చదువులో చేర్చి వచ్చింది. ఈ పిచ్చి అంటించింది ఆవిడే. అక్కడ ఆడమనిషి ఒక్కతే హోటల్లో కూర్చుని కాఫీ తాగినా ఎవరూ తలతిప్పి చూడరట. ఎవరో రిటైరైన లెక్చరరమ్మ మేడమీద గది ఇస్తుందట, పొద్దున్నే తలుపు కొట్టి ఉప్మా పెడుతుందట. కొత్తవాళ్ళంటే ఆ ఊరికి అంత ప్రేమట. ఉప్మా తినడానికి అంత దూరం వెళ్ళాలా? ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈవిడ చేసిన ఉప్మా నేను తింటున్నాను, నన్నడిగితే ఆ ముచ్చట నేను చెప్పనా?

పలాసలో పెళ్ళికైనా, శంకుస్థాపనకైనా, జీడిపప్పు ఫ్యాక్టరీలో కొత్త బాయిలరు వెలిగించడానికైనా కాశీవిశ్వనాథం గారు రోజు చెప్పాలి. అలాంటివాడి భార్య సంచీ భుజానేసుకుని ఒంటరిగా రైలెక్కితే బజార్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?

అయితే ఒకటి. చివర్లో ఆవిడే అంది: "మీరు మంచిరోజు చూసి చెప్పండి, టికెట్టు తీసుకుంటాను."

అప్పుడు నా ప్రాణం కుదుటపడింది. ఇరవై ఆరేళ్ళుగా నేను రోజు చెప్పకుండా ఆవిడ ఈ ఊరి పొలిమేర దాటలేదు. ఎందుకో నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆ వేసవి సంగతి ఇక్కడ రాయను.

చవితి, శుక్రవారం

శుక్రవారం పడమటి శూల, ఆ దిక్కుకి ప్రయాణం కూడదు, ఆదివారమూ అంతే, ఆ ఊరు దక్షిణానికి కూడా ఒరిగింది గనక గురువారం కూడా పనికిరాదు అని చెప్పాను. సరే అంది.

పంచమి, శనివారం

మూలపేట నుంచి గోపాలరావు వచ్చాడు. పోర్టు పనులు మొదలయ్యాక నాలుగు లారీలు కొన్నాడు, ఇప్పుడు ఆఫీసు తెరుస్తాడట. వచ్చే బుధవారమే కావాలట. నవమి అని చెప్పాను.

"నవమైతే ఏటైపోద్ది పంతులుగారూ. మా పార్టీ పెద్దాయన ఆ రోజే వత్తానన్నాడు. ఆయనకి ఇంకో రోజు కాళీ లేదు. మీరు సూత్తే దొరకదేటి."

చూస్తే దొరికింది. లగ్నబలం ఉంటే తిథిదోషం పోతుందని ఒక శ్లోకం చదివి, పదకొండు దాటాక ఒక గడియ తీసి, కాస్త శాంతి చేయించుకోమన్నాను. దణ్ణం పెట్టి వెళ్ళాడు.

వంటింట్లోంచి వేదవతి మంచినీళ్ళ గ్లాసు పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. "నవమికి కూడా ఉంటుందన్నమాట" అంది. వెటకారం లేదు ఆ గొంతులో. పిల్లలు చెప్పిన లెక్క సరిచూసుకునే టీచరులా అంది.

శాస్త్రం లోతు తెలియని వాళ్ళకి ఏం చెప్తాం. ఆఫీసు వేరు, ప్రయాణం వేరు. ఆవిడ క్షేమం కోసమే కదా నా తాపత్రయమంతా.

సప్తమి, సోమవారం

ఆవిడ బజారుకి వెళ్ళినప్పుడు ఆ నోటుబుక్కు తీసి చూశాను. భర్తని, చూడొచ్చు.

బడిపిల్లల రూళ్ళ పుస్తకం. గుండ్రటి అక్షరాలతో రాసుకుంది.

"మొదటి రోజు: ఏమీ చెయ్యకూడదు. లేవాలనిపించినప్పుడు లేవాలి.

రెండో రోజు: యూనివర్సిటీ. లోపలికి రానిస్తారో లేదో గేటు దగ్గర అడగాలి. హిందీలో ఎలా అడగాలో విద్య చెప్పింది. చెట్ల కింద బెంచీలు ఉంటాయట.

మూడో రోజు: పేడా. పావుకిలో. ఎవరికీ తేకూడదు. నేనే తినాలి.

నాలుగో రోజు: చెరువు గట్టు మీద కూర్చోవడం.

ఐదో రోజు: అక్కడికెళ్ళాక చూసుకోవాలి."

ఎంత నవ్వొచ్చిందో. చెరువు గట్టు మీద కూర్చోవడానికి ధార్వాడ్ దాకా రైలా. కవిటి వైపు ఏ కొబ్బరితోటలో కూర్చున్నా కూర్చోవచ్చు, ఆటో కూడా అక్కర్లేదు, నా బండి మీద నేనే దింపుతాను. పావుకిలో పేడా ఒక్కతే తింటుందట. షుగరు వస్తే తెలుస్తుంది.

చివరి పేజీలో ఇంకో జాబితా. వెళ్ళే ముందు చూసుకోవాల్సినవట. "గ్యాసు కట్టెయ్యాలి. పెరటి కుళాయి. కిటికీ గొళ్ళెం. ఆయన మాత్రలు."

కుళాయికీ కిటికీకీ తర్వాత నేను. ఆ ఒక్క చోటే ఉన్నాను పుస్తకం మొత్తంలో. రెండోసారి కూడా తిరగేశాను.

అప్పుడు నాకు భయం వేసింది. అక్కడ ఆవిడకి బాగుంటే? లేవాలనిపించినప్పుడు లేచి, ఆ లెక్చరరమ్మ పెట్టిన ఉప్మా తిని, నేను ఒక్కసారి కూడా గుర్తు రాకపోతే?

సాయంత్రం విశాఖపట్నం నుంచి మా అమ్మాయి శ్రీవిద్య ఫోను. "నాన్నా, అమ్మ ఐదు రోజులు వెళ్తానంటే నీకేంటి నష్టం? నువ్వు పంచాంగం అడ్డం పెట్టకు" అంది. గ్రహాలు నేను పెట్టానా అక్కడ, అడ్డం పెట్టడానికి?

అష్టమి, మంగళవారం

ఆవిడ ఏమీ అడగలేదు.

నవమి, బుధవారం

గోపాలరావు ఆఫీసు ప్రారంభం దివ్యంగా జరిగింది. పెద్దాయన నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మూలపేట నుంచి ఎండలో ఇంటికొచ్చేసరికి వేదవతి ఫోను చూపించింది.

"టికెట్టు తీసేశానండి. వచ్చే బుధవారం. పదీ పదికి మన స్టేషన్లో బండి. హుబ్బళ్ళి దాకా ఒకటే బండి, అక్కడి నుంచి బస్సట. బుధవారం పడమటికి శూల లేదు కదా."

నన్ను అడక్కుండా. ముందు టికెట్టు, తర్వాత నేను.

పంచాంగం తీశాను. పాడ్యమి క్షయం, వచ్చే బుధవారం శుద్ధ విదియ, మృగశిర. ఆవిడది రోహిణి. అక్కడి నుంచి లెక్కిస్తే రెండోది, సంపత్తార, శుభం. చంద్రబలం ఉంది. కావాలని వెతికినా పేరుపెట్టడానికి ఏమీ దొరకదు. ఈ పంచాంగం నాకేమైనా శత్రువా అనిపించింది.

"వర్జ్యం ఉంది" అన్నాను. "తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా."

చేతిలో గిన్నె కింద పెట్టేసింది. గోడ మీది కేలండరు దగ్గరికి వెళ్ళి చూసి, "ఇందులో రాత్రికి అని ఉందండీ" అంది. చిన్న గొంతుతో అంది.

"అది అచ్చేసినవాడు చదువుకున్నాడా, నేను చదువుకున్నానా? వాడు ఏ ఊరి సూర్యోదయానికి లెక్క కట్టాడో నీకేం తెలుసు?"

ఆవిడ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వర్జ్యం అన్న మాట దగ్గర ఆవిడ ఆగిపోతుందని నాకు తెలుసు. ఆ మాటే ఎందుకు వాడానో కూడా తెలుసు.

దశమి, గురువారం

రాయనన్నాను. రాస్తాను. ఈ పుస్తకం ఎవరూ చూడరు. అమ్మాయికి సంస్కృతం రాదని మొదటి పేజీలన్నీ శ్లోకాలతో నింపాను.

మాకు అమ్మాయి కంటే ముందు ఒక బాబు. అనంత్. ఏడో నెల. అన్నప్రాశన నేనే చేశాను. ఆ వేసవిలో వాణ్ణి తీసుకుని హరిశ్చంద్రపురంలో పుట్టింటికి వెళ్తానంది వేదవతి.

"ఆరు గంటల పాసింజరుకి వెళ్ళిపోతానండీ, ఎండ ముదరక ముందే" అంది.

నేను పంచాంగం చూసి, తొమ్మిది నుంచి పదిన్నర దాకా వర్జ్యం, దానికి ముందు దుర్ముహూర్తం, పదిన్నర దాటాకే గడప దాటాలి, పదకొండు బండికి వెళ్ళు అన్నాను. మాట వింది. కొత్త కాపురం, నా మాట వేదం.

ఆ బండి ఆలస్యం. రేకులు కాలిపోయే రైలుపెట్టెలో చంటివాడు. అక్కడ దిగాక మళ్ళీ ఎండలో మైలు నడక. ఆ రాత్రే జ్వరం. టెక్కలి ఆస్పత్రిలో మూడో రోజుకి పోయాడు. వడదెబ్బ అన్నాడు డాక్టరు.

మైల తీరాక పంచాంగం మళ్ళీ తీశాను. నేను చూసిన వరుస ముందురోజుది. వేలు ఒక వరుస పైన పెట్టాను. ఆ రోజు వర్జ్యం పదిన్నరకి మొదలు. ఆరు గంటల బండి శుభ్రంగా ఉంది, చల్లటి పూట, ఏ దోషమూ లేదు.

వీధి అరుగు మీద నలుగురూ కూర్చుని ఉన్నారు. "పంతులుగారి ఇంట్లోనే ఇలా జరిగిందేమిటి" అని ఎవరో అన్నారు. నేను అన్నాను, "ఆరు గంటల బండికి వెళ్ళమన్నాను. ఆలస్యం చేసుకుంది. వర్జ్యంలో గడప దాటింది." మా అమ్మ అందుకుని ఏడుపులోనే నాలుగు తిట్లు తిట్టింది.

వేదవతి లోపల ఉంది. విన్నది. బయటికి వచ్చి, కాదు మీరే పదిన్నర అన్నారు, అంటుందని చూశాను. రాలేదు. నెల తిరిగేసరికి వచ్చినవాళ్ళకి తనే చెప్పడం మొదలుపెట్టింది: నేనే ఆలస్యం చేశానండి.

నాకేం బాధ లేదనుకున్నావా, అని ఎవరినో అడగాలని ఉంది. వాడు నాకూ కొడుకే. కానీ పౌరోహిత్యం మాట మీద బతికే వృత్తి. ఒక్కసారి పంతులు వేలు జారిందని తెలిస్తే ఆ ఊళ్ళో మళ్ళీ పిలుస్తారా? ఆవిడ మోసింది కాబట్టి ఇల్లు నడిచింది. ఆ మాటకొస్తే ఇద్దరం మోశాం.

ఏకాదశి, శుక్రవారం

ఆగిపోతుందనుకున్నాను కదా. ఆగలేదు.

"ప్రస్థానం పెట్టేస్తే సరిపోద్ది కదండీ" అంది పొద్దున్నే. "అందరికీ మీరే చెప్తారు."

కర్మ. ఊరందరికీ నేను నేర్పిన చిట్కానే. బయలుదేరే వేళ బాగోలేదంటే, ముందే ఓ మంచి గడియలో మన సామాను ఏదైనా ఆ దిక్కున ఉన్న ఇంకో ఇంట్లో పెట్టెయ్యాలి. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తర్వాత ఎప్పుడు కదిలినా దోషం లేదు. ఒక్కటే షరతు, ఆ సామాను మళ్ళీ మన గడప లోపలికి రాకూడదు. వచ్చిందా, ప్రయాణం చెడ్డట్టే.

మన కంచె మనకే అడ్డం అంటే ఇదే. రేపు ఉదయం ఏడూ నలభై అని చెప్పాను. ఏం చెప్పను మరి.

ద్వాదశి, శనివారం

పడమటి వీధిలో ఇందుమతి ఇంట్లో సంచీ పెట్టి వచ్చాను. నేనే మోశాను. ఆకుపచ్చ సంచీ, పెద్ద బరువు లేదు. వేదవతి గడప దగ్గర నిలబడి, నేను మలుపు తిరిగేదాకా చూసింది. నేను బయటికి వెళ్తుంటే అలా చూసి ఎన్నాళ్ళయిందో. చూసింది నన్ను కాదు, సంచీని.

త్రయోదశి, ఆదివారం

ఇవాళ ఆవిడ పాట పాడుకుంటూ బట్టలు మడతపెట్టింది. నేను ఇంట్లో ఉన్నానన్న ధ్యాసే లేదు.

కూర బాగులేదన్నాను. బాగానే ఉంది.

సాయంత్రం గుడికని బయలుదేరి ఇందుమతి ఇంటి మీదుగా వెళ్ళాను. జీడిపిక్కలు ఆరబోసుకుంటోంది. "టీచరుగారి ప్రయాణం ఆగిపోయిందమ్మా. వీలు చూసుకుని ఆ సంచీ ఇంటికి పంపించెయ్" అన్నాను. అంతే అన్నాను. అది ఎప్పుడు పంపిస్తుందో, ఎవరితో పంపిస్తుందో, వేదవతి ఏమనుకుంటుందో ఆలోచించలేదు. సంచీ గడప లోపలికి వస్తే చాలనుకున్నాను. దేవుడే ఆపినట్టు ఉంటుంది, నేను ఆపినట్టు ఉండదు.

చతుర్దశి, సోమవారం

ఇందుమతి స్వయంగా తెచ్చింది. తిన్నగా లోపలికి వచ్చి హాల్లో పెట్టేసింది. వేదవతి అక్కడే బియ్యం ఏరుతోంది. నేను కుర్చీలో ఉన్నాను.

"పెయానం మానీసినారంట కదేటి టీచరుగోరూ. పంతులుగోరు నిన్న సెప్పినారు. ఎండలు గదా, మంచి పనే సేసినారు" అంది. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళింది.

వేదవతి చేట పక్కన పెట్టింది. సంచీ వైపు చూసింది, నా వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నాకు చెప్పడానికి మాటలున్నాయి.

"ఆ రోజు మీరు పదిన్నర అన్నారండి" అంది.

ఏ రోజు అని అడిగాను.

"మీరు మా నాన్నకి కార్డు రాశారు. పదిన్నర దాటాక ముహూర్తం, పదకొండు బండికి వస్తుంది, స్టేషన్‌కి మనిషిని పంపండి అని. కార్డు ఆలస్యంగా అందింది, మనిషి రాలేదు. మా నాన్న ఉత్తరాలన్నీ తీగకి గుచ్చుకునేవారు. ఆయన పోయినప్పుడు చూశాను. మీ చేతిరాత. పదకొండేళ్ళయింది."

పదకొండేళ్ళు. పదకొండేళ్ళుగా ఈ మనిషి నాకు కాఫీ ఇస్తోంది.

"మరి ఎందుకు అడగలేదు?" అన్నాను. అదొక్కటే వచ్చింది నోటికి.

"అడిగాను. ఎన్నిసార్లో అడిగాను. విద్య ఇంటికెళ్ళాలి రోజు చూడండి అన్నాను. సింహాచలం వెళ్ళాలి రోజు చూడండి అన్నాను. పుస్తకం తీసినప్పుడల్లా, ఇప్పుడైనా చెప్తారేమో, వేదా, ఆ రోజు తప్పు నాదే అంటారేమో అని ఎదురుచూసేదాన్ని. మీరు వేలు పెట్టి వరుసలు చూసేవారు. రోజు చెప్పేవారు. అంతే."

"నీ మీద నాకు..." అని మొదలుపెట్టాను. ఏమిటో తెలియలేదు. ప్రేమ అనాలనుకున్నాను. ఆవిడ మొహం చూసి అనలేకపోయాను.

"నా జ్ఞాపకమే తప్పనుకుని, బిడ్డని నేనే చంపుకున్నాననుకుని పదిహేనేళ్ళు బతికానండి. విద్య పుట్టాక దాన్ని ఎత్తుకోడానికి భయపడేదాన్ని. మీరు చూస్తూనే ఉన్నారు." అప్పుడు ఏడ్చింది. కొంగుతో తుడుచుకోలేదు. "బడి తెరిచే రోజుకి వస్తాను. ఈ ఇంటికి వస్తానో, టెక్కలిలో గది చూసుకుంటానో, అక్కడ కూర్చుని ఆలోచించుకుంటాను. ఈ ఇంట్లో ఉంటే నాకు ఆలోచన రావట్లేదు."

తిరుగు ప్రయాణానికి మంచిరోజు చూడనా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. అలవాటు.

నా వైపు అలా చూసింది. నవ్వు కూడా రాని చూపు.

అమావాస్య, మంగళవారం

వంట చేసింది. వడ్డించింది.

విద్యకి ఫోను చేశాను. తీసి, "అమ్మ చెప్పింది" అని పెట్టేసింది.

జ్యేష్ఠ శుద్ధ విదియ, బుధవారం

తొమ్మిదిన్నరకి బయలుదేరింది.

చీర కొత్తది కాదు. ఆకుపచ్చ సంచీ భుజానికి. గ్యాసు కట్టింది, పెరటి కుళాయి చూసింది, కిటికీ గొళ్ళెం వేసింది. నా మాత్రలు బల్ల మీద పెట్టింది. గడప దగ్గర ఆగింది. ఈ వేళకి గడప దాటడమంటే ఆవిడకి ఏమిటో నాకు తెలుసు. చెప్పులు పక్కనే ఉన్నాయి, వేసుకోలేదు.

"ఒక్కటి నిజం చెప్పండి" అంది వీధి వైపే చూస్తూ. "కార్డు సంగతి వదిలెయ్యండి. మీ మీద నాకిప్పుడు కోపం కూడా లేదు. ఇవాళ ఈ వేళకి నిజంగా వర్జ్యం ఉందా? మీరు లేదంటే నమ్ముతాను."

నమ్ముతానంది. ఇంత జరిగాక కూడా. ఒక్క మాట చాలు. లేదు అనే రెండక్షరాలు. అవి అంటే ఆవిడ తేలికపడి దిగిపోతుంది మెట్లు, దారంతా కిటికీలోంచి చూసుకుంటూ పోతుంది, అక్కడ లేవాలనిపించినప్పుడు లేస్తుంది.

"ఉంది" అన్నాను.

గోడకి చెయ్యి ఆనించింది. ఆగిపోతుంది, సంచీ దింపుతుంది, అనుకున్నాను. పెళ్ళిచూపులనాడు కూడా నేను అంత ఆశపడలేదు.

"సరే" అంది. చెప్పులేసుకుంది. వర్జ్యంలోనే గడప దాటింది. చావుకి ఎదురెళ్తున్నట్టు దాటింది, అయినా దాటింది. నా దగ్గర ఉండటం కంటే అదే నయమనుకుంది. మలుపు దాకా వెళ్ళింది, ఒక్కసారి కూడా తిరగలేదు.

లేదు. ఇక్కడ రాస్తున్నాను, లేదు. వర్జ్యం రాత్రికి. కేలండరు వాడు సరిగ్గానే వేశాడు. బుధవారం, విదియ, మృగశిర, సంపత్తార. ఈ నెల మొత్తానికి ఇంత మంచిరోజు లేదు.

ఇప్పుడు పది అయింది. స్టేషన్ ఇక్కడికి ఐదు నిమిషాల నడక. నా బండి మీదైతే రెండు నిమిషాలు కూడా పట్టదు. వెళ్ళి, వేదా, లేదు, అబద్ధం చెప్పాను, అంటే సరిపోతుంది. కానీ ఆ భయం పోతే ఆవిడ ఇంకెప్పుడూ నన్ను ఏమీ అడగదు. ఆ భయం ఉన్నంతకాలం, ఎక్కడున్నా, ఏ బెంచీ మీద కూర్చున్నా, నేను ఆవిడతో ఉంటాను.

చొక్కా తొడుక్కున్నాను. మళ్ళీ విప్పాను. రాస్తూ కూర్చున్నాను. బండి కూత ఇక్కడి దాకా వినిపించింది.